నాలుగో తెల్లరాయి

మా ఇల్లు చూడడానికి వచ్చేవాళ్లు వాకిట్లో నిలబడి మఠం ఎక్కడండీ అని అడుగుతారు. మా తమ్ముడు జార్లత్ ఆవుల వైపు వేలు చూపిస్తాడు. వేళాకోళమాడుతున్నాడనుకుని వాళ్లు ముఖం ముడుచుకుంటారు. కానీ వాడు చెప్పేది నిజమే. ఒకప్పుడు సన్యాసులు వంతులవారీగా ప్రార్థనలు పాడిన చోట మా ఆవులు సైలేజీ, గుంతలో మాగేసిన గడ్డి, మేస్తాయి. వాళ్ల భోజనశాల గోడే మా వంటగది వెనక గోడ. తీర్థజలం పోసుకున్న రాతితొట్టిలో మా కోళ్లు నీళ్లు తాగుతాయి. గుడి పైకప్పు ఏ కాలంలోనో కూలిపోతే మా తాత రేకులు కప్పించాడు. తూర్పుగోడలో మూడు సన్నటి కిటికీలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి, అద్దాల్లేకుండా. వాటి కింద దూడల పాక.

పుస్తకాల్లో దాన్ని ప్రయరీ అని రాస్తారు, చిన్న మఠమని. మా ఊళ్లో అందరూ మఠమనే అంటారు. పట్నంలో పాత కట్టడాల ఆఫీసు నుంచి ఒకాయన ఏడాదికోసారి అట్టా పెన్నూ పట్టుకుని వచ్చి, ఇక్కడ ఒక్క రాయి కూడా కదపకూడదమ్మా అని నాకు గట్టిగా చెప్పి, రెండు కప్పుల టీ తాగి పోతాడు. పాపం, ఆయన నాకు ఈ మాట నలభై ఏళ్లు ఆలస్యంగా చెబుతున్నాడు.

మా నాన్న కోల్మన్ గెరాటీ డెబ్బై నాలుగులో వాకిలంతా సిమెంటు చేయించాడు. కొట్టం, గుడినేల, దూడల పాక, ఏదీ వదల్లేదు. ఒక్క మూల తప్ప. కిటికీల కింద ఉత్తరపు గోడ పక్కన, నాలుగు అడుగులేస్తే అయిపోయే చోటు. దాని చుట్టూ తాడు కట్టి, ఇది దాటి పోయొద్దని పనివాళ్లకి చెప్పాడు. సిమెంటు చాల్లేదా కోల్మన్, అప్పిమ్మంటావా అని పక్క రైతులు ఎగతాళి చేశారు. నాన్న నవ్వి ఊరుకుని, తర్వాత తాడు తీసేసి ఇనుప కంచె కట్టాడు. లోపల దురద మొక్కలు నడుమెత్తున పెరిగాయి. అమ్మ ఏమీ అనలేదు. ప్రతిదానికీ ఏదో ఒకటి అనే మనిషి ఆ కంచె గురించి మాత్రం నోరు మెదపలేదు కాబట్టి నాకది గుర్తుండిపోయింది.

ఆ మూలలో ఏముందో మా పల్లెలో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఎవరూ చెప్పరు. జ్ఞానస్నానం అందకుండా పోయిన పసిబిడ్డని అప్పట్లో గుడి సమాధుల్లో పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఆ బిడ్డ స్వర్గానికీ పోదు, నరకానికీ పోదు, మధ్యలో ఎక్కడో ఉండిపోతుందని గురువులు చెప్పేవాళ్లు. అందుకని తండ్రి ఒక్కడే, పొద్దు వాలుతుండగా, బిడ్డని పెట్టెలో పెట్టి కోటు కింద దాచుకుని మా మఠానికి తెచ్చేవాడు. ఎంత పాడుబడ్డా ఒకప్పుడు దీవించిన నేలే కదా అని వాళ్ల ఆశ. తల్లి మంచం మీద ఉండేది. ఆడవాళ్లు ఆ మూల తొక్కితే మళ్లీ పుట్టబోయే బిడ్డకి మంచిది కాదని భయం. తండ్రి ఇంటికెళ్లి చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ దాని మాట ఎత్తేవాళ్లు కాదు.

ఎవరైనా అలా వస్తున్నారని తెలిస్తే మా నాయనమ్మ కుక్కని లోపలికి పిలిచి, కిటికీ తెర దించేసేది. నాకు ఆరేళ్లప్పుడు తెర సందులోంచి ఒకసారి చూశాను. ఒకాయన తల వంచుకుని, చంకలో ఏదో పెట్టుకుని వాకిలి దాటాడు. ఏం తెచ్చాడని అడిగితే, మీ నాన్నకి గుడ్లు తెచ్చాడులే అంది నాయనమ్మ. మాకే నలభై కోళ్లున్నాయి, అయినా నమ్మాను.

నాన్న కిందటేడు నవంబరులో పోయాడు. ఏప్రిల్లో అమ్మకి గుండె నీరసించింది. వేసవి దాటడం కష్టమని డాక్టరు నాతో, జార్లత్‌తో చెప్పాడు. మాతో చెప్పక ముందే అమ్మతో చెప్పాడట, ఆవిడే అడిగి చెప్పించుకుందట. నేను పట్నంలో ఎరువుల కొట్లో కౌంటరు మీద పని చేస్తాను, పెళ్లి చేసుకోలేదు. సెలవు పెట్టి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. ఎనభై ఆరేళ్ల మనిషికి సేవ చేయడం తేలికనుకున్నాను, ఆవిడ డీలియా గెరాటీ అన్న సంగతి మర్చిపోయి. టీ పలచనైతే ఒక గొడవ, చిక్కనైతే ఇంకో గొడవ.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ నన్ను తలుపు వేయమంది.

"అసుంప్టా, నీకు ముందు ఒకడు పుట్టాడు. తెలుసుగా?"

తెలుసన్నాను. ఎప్పుడో నాయనమ్మ నోరు జారగా విన్నాను.

యాభై ఏడు ఆగస్టు. అందరూ ఎండుగడ్డి వాములు వేసే పనిలో ఉన్నారు. మంత్రసాని సైకిల్ మీద వచ్చేసరికే అంతా అయిపోయింది. బిడ్డ ఊపిరి తీసుకోలేదు. నాయనమ్మ గుడ్డలో చుట్టి పక్క గదికి తీసుకుపోయింది. అమ్మకి కనిపించింది ఒక్క చెయ్యి, గుడ్డలోంచి బయటికి వచ్చిన కుడిచెయ్యి. నాన్న వెన్న వచ్చే చెక్కపెట్టె ఒకటి కొట్టు నుంచి తెచ్చి, పొద్దు వాలాక మఠంలోకి వెళ్లాడు. మంచం మీద నుంచి అమ్మకి పార చప్పుడు వినిపించింది. మా వంటగది నుంచి ఆ మూలకి ముప్పై అడుగులు కూడా లేవు. యాభై ఏళ్లు అమ్మ ఆ ముప్పై అడుగుల ఇవతలే రొట్టెలు కాల్చింది, దూడలకి పాలు మోసింది, ఎక్కడ పెట్టావని మొగుణ్ని ఒక్కసారీ అడగలేదు.

"అడగలేదేం?" అన్నాను.

"అడిగితే చెప్పాల్సొస్తుందిగా ఆయన. ఆయన మొహం చూశావా నువ్వు, ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు?"

నాన్న చివరి వారంలో మాటలన్నీ పాతకాలంలోకి పోయాయి. చచ్చిపోయిన గుర్రాన్ని పేరు పెట్టి పిలిచేవాడు. అలాంటి ఒక పూట అమ్మ చెయ్యి పట్టుకుని, ఎవరూ అడక్కుండానే చెప్పాడట. మగవాళ్లు ఒక్కో బిడ్డ మీద ఒక్కో తెల్ల పలుగురాయి పెట్టేవాళ్లని. మనవాడిది కిటికీల కింద, గోడ నుంచి నాలుగో తెల్లరాయి అని. రాళ్ల సంగతి అమ్మకి అప్పుడే తెలిసింది. అది మగవాళ్ల పని, ఆడవాళ్లకి ఎవరూ చెప్పలేదు.

"వాడికి పేరు పెట్టకూడదన్నారు. నేను పెట్టుకున్నా. కీరన్," అంది అమ్మ. "ఫాదర్ లోర్కన్‌తో మాట్లాడాను. మంచి కుర్రాడు. ఆ పాత మాటలన్నీ గుడివాళ్లే వదిలేశారంట, వచ్చి దీవిస్తానన్నాడు, ఆదివారం పూజ అయ్యాక. నన్ను కుర్చీలో పెట్టి తీసుకెళ్లండి. నువ్వు ముందు వెళ్లి ఆ నాలుగో రాయి చూసి గుర్తు పెట్టు. నేను పోయాక వాడి మీది మట్టి గుప్పెడు తీసి నా పెట్టెలో పెట్టు. వాడొక్కడే ఇక్కడుండి, నేనేమో కొత్త సమాధుల తోటలో మీ నాన్న పక్కన... అంతే, ఇంకేం వద్దు నాకు."

సరేనన్నాను. అంత చిన్న కోరిక కోరినందుకు లోపల సంతోషం కూడా వేసింది.

మర్నాడు పొద్దున్నే కొడవలి, తోలు చేతితొడుగులు తీసుకుని కంచె దాటాను. దురద మొక్కలు గోడ దాకా కోసుకుంటూ పోయాను. మొక్కల కింద మెత్తటి నల్లమట్టి, ఎండిన ఆకులు, ఒక పగిలిన పాలసీసా. తెల్లరాయి ఒక్కటీ లేదు. గోడ నుంచి మొదలుపెట్టి చేత్తో తడిమాను. మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి గీరాను. నాన్న ఆఖర్లో ఏదో కలవరించాడేమో అనుకున్నాను. లేచి నడుం పట్టుకుని కిటికీల వైపు చూశాను. ఎండ మూడు చీలికలుగా లోపల పడుతోంది. ఆ ఎండ అలా పడటం నేను ఇదే చోట నిలబడి ఇంతకు ముందు చూశాను. అప్పుడు నా గౌను చెంగు నిండా రాళ్లున్నాయి.

అక్కడే మట్టిలో కూర్చున్నాను.

అరవై ఎనిమిది మే నెల. నాకు తొమ్మిదేళ్లు. మే అంతా మరియ తల్లి నెల కదా, ప్రతి పిల్లా ఇంట్లో ఒక పీఠం కట్టి, ఆ తల్లి స్వరూపం, అంటే బొమ్మ, పెట్టి, రోజూ కొత్త పూలు పెట్టాలి. ఎవరి పీఠం బాగుంటే వాళ్లకి బంగారు అంచు పటం ఇస్తానని బడిలో సిస్టర్ చెప్పింది. పక్కింటి పిల్ల పీఠానికి నిజమైన లేసు గుడ్డ ఉంది. నా దానికి పాత దిండు గలీబు. అసూయతో నాకు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు. దూడల పాక వెనక దురద మొక్కలుంటాయి, అటు పోవద్దని నాకు చెప్పారు. ఎందుకు పోకూడదో చెప్పలేదు. దురద మొక్కలకి నేను భయపడే పిల్లని కాదు. వెళ్లి చూస్తే తెల్లటి రాళ్లు, అరచేతిలో పట్టేంతవి, వరసలుగా. ఎవరో నా కోసమే దాచిపెట్టినట్టు అనిపించింది. పదిహేడు రాళ్లు, చెంగులో మూట కట్టుకుని తెచ్చాను. బకెట్లో వేసి కడిగి, స్వరూపం చుట్టూ గుండ్రంగా పేర్చాను.

అమ్మ చూసి ఎంతో మెచ్చుకుంది. ఇంత తెల్లటివి ఎక్కడ దొరికాయే నీకు అని ఒక రాయి చేతిలోకి తీసుకుని, చల్లగా ఉందని చెంపకి ఆనించుకుంది. ఆ నెలంతా రోజూ సాయంత్రం ఆ పీఠం ముందు మోకరించి జపమాల చెప్పింది.

నాన్న పాలు పితికి లోపలికి వచ్చాడు. పీఠం చూసి టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. భక్తి అనుకున్నాను. తర్వాత నన్ను ఒక్కదాన్నే చెయ్యి పట్టుకుని ఆ మూలకి తీసుకెళ్లాడు.

"ఏది ఎక్కడ తీశావో గుర్తుందా తల్లీ?"

గుర్తుందన్నాను. ఇక్కడొకటి, అక్కడొకటి, ఇదిగో ఇక్కడ రెండు అని గబగబా చూపించాను. నాన్న అడుగుతున్నాడంటే మెచ్చుకోవడానికే అనుకుని, గుర్తులేనివి కూడా చూపించేశాను. పదిహేడుకి బదులు ఇరవై చోట్లు చూపించి ఉంటాను. నాన్న నా వేలు వెంబడి చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి చూడటం మానేశాడు.

"సరేలే. పోయి పాలు తాగు."

ఆ పూట ఆయన అన్నం తినలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. మే నెల అయిపోయాక రాళ్లేం చేయమంటావని అడిగితే, మీ అమ్మ పూలమడి చుట్టూ పెట్టు అన్నాడు. వంటగది గుమ్మం పక్కన ఆ మడి ఇప్పటికీ ఉంది. అలా ఎందుకన్నాడో ఊహించడమే తప్ప నాకు తెలియదు. ఆ రాళ్లు తిరిగి మూలకి తీసుకెళ్లినా ఏది ఎవరిదో ఎలా తేల్చగలడు? కనీసం ఆవిడ చేతికి అందేంత దూరంలో ఉంటాయనుకున్నాడేమో. ఆరేళ్ల తర్వాత సిమెంటు వేయించేటప్పుడు ఆ మూల మొత్తం ఎందుకు వదిలేశాడో అప్పుడు, మట్టిలో కూర్చుని ఉండగా, నాకు అర్థమైంది. తన బిడ్డ చోటు ఏదో ఆయనకే తెలియకుండా నేను చేశాను. నలభై ఏళ్లు నా ఎదురుగా కూర్చుని అన్నం తిని, ఆ సంగతి నాకు తెలియనివ్వలేదు.

నాన్న మీద నాకు కోపం వచ్చింది. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది కదా అని, చచ్చిపోయినవాణ్ని పట్టుకుని గట్టిగానే తిట్టాను. ఆవులు తలెత్తి చూశాయి.

జార్లత్‌కి చెప్పాను. వాడు ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు, బయటికి రాకుండానే విన్నాడు. బిగించేది పూర్తిగా బిగించాడు. తర్వాత, పూలమడిలోంచి ఒక రాయి తెచ్చి అక్కడ పెట్టెయ్యి అన్నాడు. అమ్మకి చూపు సరిగ్గా ఆనదు, ఆవిడ ప్రశాంతంగా పోతుంది, నిజం చెప్పి ఎవరిని ఉద్ధరిస్తావని అడిగాడు. వాడి మాటలో తప్పేమీ కనబడలేదు నాకు. నిజానికి వాడు అలా చెప్పాలనే వాడి దగ్గరికి వెళ్లాను.

మడిలో రాళ్లు పలుగురాళ్లలా లేవు. మా అమ్మ కదలకుండా నిలబడిన ప్రతిదానికీ వెల్ల వేసే మనిషి. నాచు పట్టి పచ్చబడుతున్నాయని ఏటా ఈస్టరుకి ముందు ఆ రాళ్లకి కూడా సున్నం పూసేది, ఒక్కోదాన్ని తీసి, తుడిచి, మళ్లీ దాని చోట పెట్టేది. నలభై పొరలుంటాయి. ఒకటి తీసుకుని కత్తితో గీకి, గోళ్లతో గీకి, కింద పలుగురాయి తెలుపు బయటపడ్డాక తీసుకెళ్లి మూలలో పెట్టాను. ఎక్కడ పెట్టాలో తెలియక గోడ నుంచి నాలుగు జానలు కొలిచి పెట్టాను.

దొరికింది అని అమ్మకి చెప్పాను.

ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆ పూట టీ ఎలా ఉందో కూడా అనకుండా తాగింది. గుడ్డు ఉడకబెట్టమని అడిగి సగం తింది. ఆదివారానికి నీలం కోటు ఇస్త్రీ చేయమంది, జుట్టు నువ్వే కత్తిరించు, జార్లత్ పెళ్లాం కత్తిరిస్తే గొర్రెకి బొచ్చు తీసినట్టు ఉంటుంది అంది. రెండు రోజులు అలా గడిచాయి. చిన్నపిల్లలా ఎన్ని రోజులుందని అడుగుతూనే ఉంది. ఆ రెండు రోజులూ నేను బాగానే అబద్ధం ఆడాననుకున్నాను.

శుక్రవారం పొద్దున జుట్టు కత్తిరిస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు కళ్ల దగ్గరికి తెచ్చుకుని గోళ్ల కిందకి చూసింది. ఎంత కడిగినా అక్కడ తెల్లగా కొంచెం మిగిలిపోయింది. సున్నం గోళ్లలో చేరితే వారం దాకా పోదని ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"ఈ సున్నం ఎక్కడిది?"

చెయ్యి వెనక్కి లాక్కోబోతే ఆవిడ వదల్లేదు.

"ఈ ఏడు నేను వెల్ల వేయలేదు. మీ నాన్న పోయాడని వేయలేదు. ఇంట్లో ఎక్కడా సున్నం కలపలేదు. ఎక్కడిదే?"

కత్తెర బల్ల మీద పెట్టి చెప్పాను. పీఠం, చెంగు, పదిహేడు రాళ్లు, నాన్న అడిగిన మాట, నేను చూపించిన ఇరవై చోట్లు, పూలమడి, జార్లత్, నాలుగు జానలు, అన్నీ. జార్లత్ పేరు వద్దనుకున్నాను గానీ అదీ వచ్చేసింది. అమ్మ నా వైపు చూడకుండా వింది. జుట్టు ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా ఉండిపోయింది.

"మిగతా పదహారు మంది తల్లులు?" అంది చివరికి.

అంతవరకూ నాకు వాళ్లు తట్టలేదు. నా తప్పు మా ఇంటితోనే అయిపోతుందనుకున్నాను. గుడ్లు తెచ్చినాయన తల వంచుకుని వాకిలి దాటడం గుర్తొచ్చింది. ఆయన భార్య పేరు కూడా నాకు తెలియదు.

"వెళ్లవతలకి," అంది అమ్మ.

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. భోజనం జార్లత్ పెళ్లాం పెట్టింది. నేను వంటగదిలో కూర్చుని ఏడ్చాను. ఏడుపు మీద కూడా నాకు చిరాకేసింది, నలభై ఏళ్లు హాయిగా నిద్రపోయినదానికి ఇప్పుడెందుకని.

శనివారం మధ్యాహ్నం ఆవిడ పిలిచింది. రాళ్లన్నీ కడిగి తెమ్మంది. నేనూ జార్లత్ గుమ్మం మెట్ల మీద కూర్చుని, ఇనుప బ్రష్షులు పెట్టి, వేడినీళ్లు పోసి రుద్దాం. సున్నం పొరలు పొరలుగా ఊడింది. మూలలో పెట్టిన దొంగ రాయిని కూడా తెచ్చి కలిపాను. పదిహేడూ టీ తెచ్చే పెద్ద పళ్లెంలో పెట్టి అమ్మ దుప్పటి మీద ఉంచాను. కడిగాక అవి నా చిన్నప్పుడు ఉన్నంత తెల్లగానే ఉన్నాయి.

ఆవిడ ఒక్కోటీ తీసుకుంది. కుడిచేతిలో పట్టుకుని, వేళ్లు మూసి, కాసేపు ఉంచుకుని, పక్కన పెట్టింది. తొందరేమీ పడలేదు. కొన్నింటిని రెండోసారి తీసుకుంది. ఒకదాన్ని చెంపకి ఆనించుకుంది. జార్లత్ తలుపు దగ్గర నిలబడి ఉండలేక బయటికి పోయాడు. పదిహేడోది కూడా పక్కన పెట్టేశాక ఖాళీ పళ్లెం వైపు చూస్తూ కూర్చుంది.

"పట్టుకుంటే తెలుస్తుందనుకున్నా," అంది. "తెలీలేదే."

నేను ఆవిడ పాదాలు పట్టుకున్నాను. ఆవిడ వద్దనలేదు, దగ్గరికీ తీసుకోలేదు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడిగితే, నాన్నలాగే ఆవిడ కూడా సరేలే అనేస్తుందేమోనని భయమేసింది. ఆ మాట నేను మళ్లీ వినలేను.

"తిట్టమ్మా," అన్నాను.

"తిట్టేదాన్నే అప్పుడైతే. తోలు ఊడదీసేదాన్ని," అంది. "అందుకే ఆయన చెప్పలేదు." పళ్లెం పక్కకి నెట్టి, "ఒక్క గుప్పెడు వద్దు. అంతటా తియ్యి. గోడ నుంచి కంచె దాకా, ఒక్క చోటు వదలకుండా. ఎక్కడో ఒకచోట వాడుంటాడు," అంది.

అవే ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడిన చివరి మాటలు. ఆదివారం తెల్లారేసరికి పోయింది. ఫాదర్ లోర్కన్ దీవించడానికని బయల్దేరినవాడు, వచ్చి ఆవిడ నుదుటి మీద సిలువ గుర్తు వేశాడు. తర్వాత తనే అడిగి కంచె దగ్గరికి వెళ్లి, ఆ మూలంతా తీర్థజలం చల్లి, కీరన్ అని పేరు పెట్టి పిలిచి, పేర్లు లేని పదహారు మందిని కూడా కలిపి ప్రార్థన చెప్పాడు. నీలం కోటు ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించే ఉంది.

ఇంటినిండా జనం టీలు తాగుతూ, రొట్టె తింటూ, అమ్మ నోటి దురుసు గురించి చెప్పుకుని నవ్వుతుంటే, నేను పాలబకెట్టూ చిన్న గరిటా తీసుకుని మూలలో కూర్చున్నాను. గోడ నుంచి మొదలుపెట్టాను. జానెడుకి ఒక గరిటెడు. తవ్వలేదు, పైమట్టే తీశాను. ఒక వరస అయ్యాక వెనక్కి జరిగి ఇంకో వరస. కిందటి వారం కోసిన దురద మొక్కలు అప్పుడే మళ్లీ చిగుళ్లు వేశాయి, అవి చేతులకి తగులుతూనే ఉన్నాయి. తొడుగులు వేసుకోబుద్ధి కాలేదు. సాయంత్రం పాలు పితికే వేళకి బకెట్టు నిండింది. అమ్మకి పెట్టె తెచ్చినాయన, ఇంత మట్టి లోపల పెట్టడం మా పద్ధతి కాదమ్మా అని నసిగాడు. నేనేమన్నానో నాకు గుర్తులేదు గానీ ఆయన మళ్లీ మాట్లాడలేదు. గుడ్డసంచిలో పోసి అమ్మ కాళ్ల దగ్గర పెట్టాను.

పెట్టె మోసేటప్పుడు జార్లత్ ముందు వరసలో ఉన్నాడు. వాకిలి దాటుతూ నా వైపు తల తిప్పాడు.

"ఇంత బరువేంటక్కా? పిట్టంత మనిషి."

"మట్టి," అన్నాను.

"ఎంత పెట్టావు?"

"బకెట్టు నిండా."

వాడు భుజం సర్దుకుని నడిచాడు.

అందరూ వెళ్లిపోయాక అమ్మ గది సర్దడానికి వెళ్లాను. శనివారం నేను పళ్లెంలోకి ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టిన రాళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. పూలమడిలో పెట్టడానికి మనసొప్పలేదు. పళ్లెం మోసుకుంటూ మూలకి వెళ్లి, కంచె లోపల నిలబడ్డాను. నేను గరిటెతో తీసిన గుర్తులు నేలంతా వరసలుగా ఉన్నాయి. మొదటి రాయి చేతిలోకి తీసుకుని వంగాను. ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ లేచాను. నాన్న నా పక్కన నిలబడి, నా వేలు ఎటు చూపిస్తుందో చూస్తున్నట్టే ఉంది.

గుర్తులేదు నాన్నా, అన్నాను. ఒక్కటీ గుర్తులేదు.